లాంజ్‌లో నలభై ఐటెమ్స్ వద్దు, వేడన్నం వేడన్నంలా పెట్టండి చాలు

అమ్మని డల్లాస్‌లో అక్క దగ్గర దింపి వచ్చినప్పటి నుంచి ఇది రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నా. పని మీద నెలకి రెండు మూడు సార్లు ఫ్లైట్ ఎక్కుతా, ఎయిర్‌పోర్టుల్లో బిజినెస్ టికెట్ వాళ్ళకి, కొన్ని కార్డులున్న వాళ్ళకి కూర్చోడానికి, తినడానికి పెట్టే లాంజ్‌లు చాలానే చూశా, కానీ నా వరకూ అయితే ఏదో ఒకటి తినేసి ల్యాప్‌టాప్ తీసి కూర్చుంటా, అంతగా పట్టించుకోను. అమ్మతో వెళ్ళినప్పుడే తెలిసింది ప్రీమియం అని బోర్డు పెట్టిన చోట తిండి ఎలా ఉంటోందో.

అమ్మకి 68. మోకాలు ఆపరేషన్ అయ్యి ఏడాది, షుగర్ ఉంది, గుడ్డు కూడా ముట్టదు. కాళ్ళు చాపుకోవడానికి ఉంటుందని మూడేళ్ళు దాచిన మైల్స్, అంటే ఫ్లైట్లు ఎక్కినందుకు వచ్చే పాయింట్లు, అన్నీ పెట్టి బిజినెస్ క్లాస్ తీశా. హైదరాబాద్ నుంచి ఆ డేట్‌కి దొరకలేదు, వేరే ఊరు వెళ్ళి అక్కడ ఎక్కాం. బయల్దేరే ముందు రోజు అమ్మ ఎప్పట్లాగే పులిహోర కలుపుతానంది, దారిలో తినడానికి. నేనే వద్దన్నా. లాంజ్‌లో అన్నీ ఉంటాయమ్మా, వేడి వేడిగా తినొచ్చు, డబ్బా మోసుకుంటూ ఎందుకు అని. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

లాంజ్‌లోకి వెళ్ళేసరికి రాత్రి ఒంటిగంటా నలభై. ఊరి పేరు, లాంజ్ పేరు రాయట్లేదు, ఒక్క రాత్రి చూసి పేరు పెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు, పైగా ఇలాంటివి ఇదొక్కటే కాదు. లోపల లైట్లు, సోఫాలు, గోడకి రాయి పలకలు, అంతా స్టార్ హోటల్‌లా ఉంది. బఫే దగ్గర వరసగా మెరిసిపోతున్న మూతల గిన్నెలు, లెక్కపెట్టా, పద్నాలుగు. మూత తీస్తే మొదటి దాంట్లో జీరా రైస్, పైన ఎండిపోయి గింజ గింజా గట్టిగా, గరిటె పెడితే చప్పుడు వచ్చేలా ఉంది. పప్పు మీద పొర కట్టింది. పనీర్ కూర అంచుల వెంబడి నూనె తేలి నల్లగా అంటుకుపోయింది. చెయ్యి దగ్గర పెట్టి చూస్తే వేడి కాదు, గోరువెచ్చన. అయినా ఆకలి మీద ఉంది కదా, అమ్మ ప్లేట్ తీసుకుని పనీర్ దగ్గరికి వెళ్ళింది, అప్పుడే పక్కాయన చికెన్ కూరలో ఉన్న గరిటె తీసి వడ్డించుకుని అదే గరిటె పనీర్ గిన్నెలో పెట్టి వెళ్ళిపోయాడు. ఎందుకంటే పనీర్ గిన్నెకి గరిటే లేదు. రెండు గిన్నెలూ పక్కపక్కనే, ఒకటే గరిటె. గరిటె నుంచి ఎర్రటి పులుసు ఒక్కో చుక్కా పనీర్‌లోకి కారుతోంది. అమ్మ ఏమీ అనలేదు, ప్లేట్ మెల్లిగా మళ్ళీ ప్లేట్ల దొంతి మీద పెట్టేసి వచ్చి కూర్చుంది.

అక్కడున్న కుర్రాడిని పిలిచి, తమ్ముడూ, పెద్దావిడ, కాస్త తెల్లన్నం, మామూలు పెరుగు దొరుకుతుందా అని అడిగా. పాపం చాలా మర్యాదగా చెప్పాడు, కిచెన్ క్లోజ్ అయిపోయింది సార్, నాలుగింటికి బ్రేక్‌ఫాస్ట్ వస్తుంది, పెరుగు అంటే ఈ స్ట్రాబెర్రీ కప్పులే ఉన్నాయి అని. మా బోర్డింగ్ మూడుంపావుకి. షుగర్ టాబ్లెట్ తిన్నాకే వేసుకోవాలి, ఏం చేస్తాం, అమ్మ ఒక అరటిపండు, రెండు మేరీ బిస్కెట్లు తిని టాబ్లెట్ వేసుకుంది. ఆ కుర్రాడి తప్పు ఏమీ లేదు, వాడి చేతిలో ఏముంది. మన ఎయిర్‌పోర్టుల నుంచి గల్ఫ్‌కి, యూరప్‌కి వెళ్ళే ఫ్లైట్లు చాలా అర్ధరాత్రి నుంచి తెల్లారుజాము మధ్యలో ఉంటాయి కదా, అంటే జనం ఎక్కువ వచ్చే టైమ్ అది, సరిగ్గా ఆ టైమ్‌లోనే డిన్నర్ అయిపోయి బ్రేక్‌ఫాస్ట్ రాకుండా మధ్యలో రాత్రి మిగిలింది పెట్టి ఉంచడం అంటే ఎవరు ప్లాన్ చేశారో వాళ్ళని అడగాలి.

నాలుగు గంటలు ఎగిరి దోహాలో దిగాం. అక్కడ హమద్ ఎయిర్‌పోర్ట్‌లో ఖతార్ ఎయిర్‌వేస్ వాళ్ళ అల్ మూర్జాన్ బిజినెస్ లాంజ్. చాలా పెద్దది, మధ్యలో నీళ్ళ కొలను, పైన ఇంకో అంతస్తులో భోజనం. నాకైతే ఆ కొలను, ఆ హంగు ముఖ్యం అనిపించలేదు, రాత్రంతా తినని అమ్మకి ఏం దొరుకుతుందా అన్నదే. మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే టేబుల్ తుడుస్తున్న అబ్బాయి ఆగి, ఏం తింటారమ్మా అన్నాడు. రాజోలు వైపు అబ్బాయి. కోనసీమ వాళ్ళు గల్ఫ్‌లో లేని చోటు ఉండదు అంటారు గానీ ఆ టైమ్‌లో ఆ మాట వినేసరికి అమ్మ మొహం చూడాలి. గుడ్డు, మాంసం తగలనివి ఏవో వాడే ఒక్కొక్కటీ చూపించాడు. అప్పుడే కాల్చిన అరబిక్ రొట్టె, ఉబ్బి, లోపల ఆవిరి ఉండగానే బుట్టలో గుడ్డ కప్పి తెచ్చాడు. దాంతో లబ్నే, అంటే వడకట్టిన గట్టి పెరుగు, పైన ఆలివ్ నూనె చుక్క, కీర ముక్కలు. ఇంకో గిన్నెలో ఫూల్, అది పెద్ద చిక్కుడు గింజల లాంటివి ఉడకబెట్టి నిమ్మరసం, జీలకర్ర వేసి చేస్తారు, అరబ్బుల పొద్దుటి టిఫిన్. అమ్మ మొదట వేలితో కొంచెం నాకి చూసి, చిక్కుడు గింజల కూరే కదరా ఇది, కాస్త పచ్చిమిరపకాయ పడాలి అంతే అంది. లబ్నే తిని పెరుగు మీగడలా ఉంది అని ఇంకోసారి అడిగి వేయించుకుంది. రొట్టె రెండు తింది. అమ్మ బయట ఎక్కడా రెండు తినదు.

అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, వాళ్ళు అమ్మ కోసం ప్రత్యేకంగా ఏమీ వండలేదు. వాళ్ళు రోజూ వాళ్ళ ఇంట్లో తినేదే పెట్టారు, వేడిగా పెట్టారు, దేంట్లో ఏముందో చెప్పగలిగారు. ఇండియన్ ఫుడ్ అక్కడ కూడా కొంచెం ఉంది, పప్పు లాంటిది ఏదో, అది నేను తిన్నా, ఓకే, గొప్పగా ఏమీ లేదు. వాళ్ళది వాళ్ళు చేసినప్పుడే బాగుంది.

ఈ ట్రిప్ తర్వాత నేను లాంజ్‌లో తిండి చూసే పద్ధతే మారిపోయింది. ముందు ఎన్ని రకాలు ఉన్నాయి అని చూసేవాడిని, రివ్యూలు రాసేవాళ్ళు కూడా చాలామంది అదే రాస్తారు, ఇన్ని మెయిన్ కోర్స్, ఇన్ని డెజర్ట్‌లు అని. ఇప్పుడు రకాలు ఎక్కువ కనిపిస్తే భయం వేస్తుంది. ఎందుకంటే ఆ మూత గిన్నెలు, చేఫింగ్ డిష్ అంటారు కదా, కింద వేడినీళ్ళు, దాని కింద చిన్న మంటో కరెంటు హీటరో, అవి ఉన్నది వండటానికి కాదు, చల్లారింది వేడి చేయడానికీ కాదు, ఆల్రెడీ పొగలు కక్కుతూ వచ్చింది అలా నిలబెట్టడానికి మాత్రమే. మన ఫుడ్ సేఫ్టీ రూల్స్ ప్రకారం వేడిగా పెట్టేది 60 డిగ్రీల పైనే ఉండాలి, చల్లగా పెట్టేది 5 లోపు. ఆ రెంటికీ మధ్యలో ఉంటే క్రిములు పెరుగుతాయి. అన్నం మరీ జాగ్రత్త, దాంట్లో ఒక రకం బ్యాక్టీరియా విత్తనాల్లాంటివి ఉడికినా చావవు, గోరువెచ్చగా గంటలు గంటలు వదిలేస్తే మళ్ళీ లేచి వాంతులు పట్టుకుంటాయి. అంత దూర ప్రయాణం ముందు ఉన్న మనిషికి ఆ గోరువెచ్చని జీరా రైస్ పెట్టడం చిన్న విషయం కాదు. రుచి సంగతి తర్వాత.

రుచికి వస్తే, ఆ గిన్నెల్లో నిలబడేవి వేరు, నిలబడనివి వేరు. పప్పు నిలబడుతుంది, సాంబారు నిలబడుతుంది కాస్త నీళ్ళు కలిపి తిప్పుతూ ఉంటే, పొంగల్ నెయ్యి ఉంటే గంటన్నర ఆగుతుంది, రాజ్మా, చోలే అయితే ఇంకా బాగుపడతాయి. వడ అస్సలు నిలవదు. వేయించిన పది నిమిషాలకి ఆ మూత కింద ఆవిరి పట్టి తడిసిన స్పాంజిలా అయిపోతుంది, నొక్కితే నూనె. ఇడ్లీ ఆవిరి మీదే కదా ఉండేది, దానికేం అవుతుంది అనుకుంటాం, కానీ మూతకి పట్టిన నీళ్ళు పైనుంచి బొట్లు బొట్లుగా ఇడ్లీ మీద పడి పైన జిగురు, కింద అంచు ఎండి పెచ్చు, చేత్తో తుంచితే తునగదు, సాగుతుంది. స్క్రాంబుల్డ్ ఎగ్స్ తినేవాళ్ళు రంగు చూసుకోండి, అంచుల్లో ఆకుపచ్చ ఛాయ వచ్చిందంటే చాలాసేపటి నుంచి వేడి మీద ఉందని, గుడ్డులో గంధకం, ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది, విషం ఏమీ కాదు గానీ పొద్దుటిది అని చెప్పేస్తుంది. బిర్యానీ గురించి హైదరాబాద్ వాడిగా ఒక్క మాట, దమ్ తీసిన బిర్యానీని పొరలు కలిపేసి చేఫింగ్ డిష్‌లో రెండు గంటలు పెడితే అది మసాలా అన్నం, దాని ముందు హైదరాబాదీ అని కార్డు పెట్టకండి దయచేసి.

ఫ్లైట్‌లో తిండి చప్పగా ఉంటే నేను ఏమీ అనను. పైన కేబిన్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది, ప్రెజర్ కూడా ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, నాలుకకి ఉప్పు, తీపి తక్కువ తెలుస్తాయి, ముక్కుకి వాసన అందదు, పైగా చిన్న గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, వేడి చేసి ఇవ్వాలి. లాంజ్ నేల మీదే ఉంది కదా. ఊళ్ళోనే ఉంది. టెర్మినల్ లోపల మంట మీద వంటకి చాలా కట్టుబాట్లు ఉంటాయి, అందుకే చాలాచోట్ల బయట పెద్ద కిచెన్‌లో వండి తెచ్చి లోపల వేడి చేస్తారు, అది నిజమే. కానీ ఇండక్షన్ పెనం మీద దోశ పొయ్యడానికి, కుక్కర్‌లో అరగంటకోసారి అన్నం పెట్టడానికి ఏ కట్టుబాటూ అడ్డం రాదనే అనుకుంటున్నా.

అసలు సమస్య డబ్బు లెక్కలో ఉందని నా అభిప్రాయం. డొమెస్టిక్ లాంజ్‌లో మనం కార్డు గీకి 2 రూపాయలో 25 రూపాయలో కడతాం, లోపలికి పోతాం. అసలు డబ్బు లాంజ్ వాళ్ళకి మనిషికి ఇంత అని బ్యాంకో, కార్డు నెట్‌వర్కో, ఎయిర్‌లైనో కడుతుంది. మనిషికి ఫిక్స్‌డ్ రేటు అంటే, తిండి మీద మిగిల్చిందే లాభం. మనిషి ఎంత తొందరగా తిని లేస్తే అంత మంచిది. జనం బాగా పెరిగిపోయి బయట క్యూలు కట్టడం మొదలయ్యాక బ్యాంకులు బిగించాయి, 2024 ఏప్రిల్ నుంచి ఐసిఐసిఐ చాలా కార్డులకి ముందు క్వార్టర్‌లో, అంటే మూడు నెలల్లో, 35,000 ఖర్చు పెడితేనే లాంజ్ అంది, మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. క్యూ తగ్గితే తిండి బాగుపడుతుంది అనుకున్నా, నేను వెళ్ళే చోట్ల పెద్ద తేడా కనపడలేదు. 2 రూపాయలకి ఇంతకన్నా ఏం పెడతారు అనేవాళ్ళు ఉంటారు, అది 2 రూపాయలు కాదండీ, మీ కార్డు ఫీజులో, మీ టికెట్‌లో కట్టేశారు ఆల్రెడీ.

బాగా చేసేవాళ్ళు ఏం చేస్తారో కూడా చెప్పాలి. హాంకాంగ్‌లో కాథే పసిఫిక్ వాళ్ళ లాంజ్‌ల్లో నూడుల్ బార్ అని ఉంటుంది, నేను ది పియర్ అనే లాంజ్‌లో తిన్నా. కౌంటర్ దగ్గర చెప్తే చేతికి ఒక బజర్ ఇస్తారు, అది మోగితే వెళ్ళి తెచ్చుకోవడమే. మెనూ చిన్నది. వాంటన్ (లోపల రొయ్య పెట్టిన చిన్న పిండి పొట్లాలు) నూడుల్స్, కారంగా ఉండే దాన్ దాన్ నూడుల్స్, ఇంకో రెండు మూడు. నూడుల్స్ నీళ్ళలో వేసి నిమిషం తిప్పి తీసి గిన్నెలో వేసి పైన మరుగుతున్న సూప్ పోస్తారు, గిన్నె పట్టుకుంటే వేళ్ళు కాలాయి, వాంటన్‌లో రొయ్య కొరికితే ఇంకా కరకరలాడుతోంది. హాంకాంగ్ వీధిలో దొరికేదే అది, రాజుల భోజనం ఏమీ కాదు. కానీ ఆ ఊరు వదిలి వెళ్ళే ముందు ఆ ఊరి తిండి ఒక గిన్నె సరిగ్గా తిన్నా అనిపించింది. ఇస్తాంబుల్‌లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ లాంజ్ కూడా అంతే, కళ్ళముందే పిండి పలచగా ఒత్తి లోపల చీజ్, ఆకుకూర పెట్టి పెనం మీద కాల్చి ఇస్తారు, గోజ్లెమె అంటారు, మన స్టఫ్ చేసిన పరాటాకి చుట్టం. శాకాహారులకి అక్కడ ఇబ్బంది లేదు. వాళ్ళ స్వీట్లు మాత్రం నాకు తీపి ఎక్కువ.

అలాంటప్పుడు మన దగ్గర పెసరట్టు ఎందుకు ఉండదు చెప్పండి. పాస్తా ఉంటుంది, అది కూడా ఉడికి ఉడికి పిండి ముద్దయిన పాస్తా, పక్కన హక్కా నూడుల్స్ ఉంటాయి, గార్లిక్ బ్రెడ్ ఉంటుంది, మన ఊళ్ళో ప్రతి సందు చివర బండి మీద దొరికే పెసరట్టు మాత్రం ప్రీమియం కాదు. ఒక్క డొమెస్టిక్ లాంజ్‌లో ఒకసారి పొద్దున్న ఆరింటికి దోశ కౌంటర్ చూశా, మాస్టర్ గారు యాభై ఏళ్ళాయన, పెనం మీద నీళ్ళు చల్లి, సగం ఉల్లిపాయతో రుద్ది, గరిటెతో పిండి పోసి రెండు తిప్పులు, అంచు లేచే వరకూ ఆగి తీస్తున్నారు. ముందు ఎనిమిది మంది లైన్. ఎవరూ విసుక్కోవట్లేదు. పక్కన మూత గిన్నెల వరస దగ్గర ఒక్కరు లేరు. అల్లం పచ్చడి లేదా అండీ అని అడిగితే, బాబూ, నేను చేస్తానంటే వద్దన్నారు, కొబ్బరి చట్నీ ఒకటే మెనూలో ఉందన్నారు అని నవ్వారు. ఆ లైన్ చూసైనా మేనేజర్ గారికి అర్థం కావాలి కదా జనానికి ఏం కావాలో. ఆ గిన్నెల ఖర్చులో సగంతో ఇద్దరు మాస్టర్లు, రెండు పెనాలు, ఒక అన్నం కుక్కర్, కుండ పెరుగు, రెండు పచ్చళ్ళు. నేను రాసిస్తా, అంతకన్నా మంచి పేరు దేనికీ రాదు.

కాఫీ గురించి ఎక్కువ రాయను, దక్షిణాదిలో ఉన్న లాంజ్‌లో ఫిల్టర్ కాఫీ లేకపోతే అది తప్పే, మెషీన్ బటన్ నొక్కితే వచ్చే నురగ కాఫీ కాదు. పళ్ళు, కోసిన పుచ్చకాయ కింద నీరు ఊరి ఉంటే తినకండి. స్వీట్లు ఎక్కడైనా బాగానే ఉంటాయి, గులాబ్ జామ్ చెడగొట్టడం కష్టం.

వెజ్ తినేవాళ్ళకి ఒక మాట. గిన్నె ముందు పచ్చ చుక్క చూసి ఊరుకోకండి, గరిటె కూడా చూడండి. ఏ గిన్నెకి ఆ గరిటె ఉందా, వెజ్ వరస, నాన్ వెజ్ వరస విడివిడిగా ఉన్నాయా, మధ్యలో కలిపారా. కలిపి ఉంటే కిచెన్‌లోంచి కొత్త గిన్నెలో తెమ్మని అడగండి, సిగ్గు పడకండి, చాలాచోట్ల తెస్తారు. నేను ఆ రాత్రి అడగలేదు, అమ్మ అప్పటికే ప్లేట్ పెట్టేసింది. తర్వాత ఆ లాంజ్ వాళ్ళకి మెయిల్ రాశా, గరిటె సంగతి, అర్ధరాత్రి అన్నం సంగతి, మామూలు పెరుగు సంగతి, మూడే మూడు. రెండు వారాలకి రిప్లై వచ్చింది, కిచెన్ టీమ్‌కి చెప్పాం అని. మళ్ళీ అటు వెళ్ళలేదు, వెళ్తే చూసి ఇక్కడే రాస్తా.

అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపించేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా మనలో, మనవడు పుట్టాడని, బారసాల అని. వీల్‌చైర్ పెడితే ఆ అసిస్టెంట్లు చాలాసార్లు నేరుగా గేట్ దగ్గర దింపేసి వెళ్ళిపోతారు. బిజినెస్ టికెట్ ఉంటే లాంజ్‌కి తీసుకెళ్ళమని ముందే అడగమని చెప్పండి, ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసిచ్చి పంపితే ఇంకా మంచిది, గుడ్డు, మాంసం, చేప తినరు, షుగర్ ఉంది, ఇన్ని గంటలకి తినాలి అని. దోహాలో దిగితే లబ్నే, రొట్టె, ఫూల్ ఈ మూడు పేర్లు రాసివ్వండి, పొద్దుట పూట మామూలుగా ఉంటాయి, కడుపు నిండుతుంది. ఇండియాలో అర్ధరాత్రి బయల్దేరేవాళ్ళయితే మాత్రం లాంజ్‌ని నమ్ముకోకండి, ఇంట్లోనే తినిపించి పంపండి.

అమ్మ వచ్చే నెల తిరిగొస్తోంది, ఈసారి ఒక్కతే. పులిహోర అక్కే కలిపి ఇస్తానంది.